ఇంటి కంప్యూటర్‌కు ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మంచిది? నరసన్నపేట మాస్టారికి జవాబు

మాస్టారూ, నమస్కారం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విండోస్ 11 ఉన్న డెస్క్‌టాప్ ఒకటి, అందులో 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు, దాన్నే సి అని, డి అని రెండు భాగాలు చేశారు. పెళ్ళి ఫొటోలు, పిల్లల వీడియోలు, పొలం కాగితాల స్కాన్లు, 2003 నుంచి మీరు టైపు చేసిన ప్రశ్నపత్రాలు అన్నీ కలిపి 340 జీబీ. బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో ఏది మంచిది, ఉచితంగా వచ్చేది చాలా లేక కొనాలా, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు లైనక్స్ వేసి దానిలోకి కాపీ చేయవచ్చా అని అడిగారు. చివర్లో ‘ముఖ్యమైనవన్నీ డి డ్రైవ్‌లో కూడా ఒక కాపీ ఉన్నాయి కాబట్టి తొందరేమీ లేదు’ అని రాశారు.

నాకు తొందర పుట్టింది ఆ వాక్యం చదివాకే. సి, డి అనేవి రెండు డిస్కులు కావు. ఒకే గదికి అడ్డంగా దుప్పటి కట్టి రెండు గదులు అనుకుంటున్నాం, అంతే. కప్పు కూలితే దుప్పటికి ఇవతల ఏమిటి, అవతల ఏమిటి? పాత హార్డ్ డిస్కులు పోయే ముందు టిక్కు టిక్కుమని నాలుగు రోజులు మూలిగేవి, ఆ మూలుగు విని పరుగున వచ్చినవాళ్ళకు నేను ఎంతో కొంత తీసి ఇవ్వగలిగేవాడిని. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు అలా చెప్పి పోదు. రాత్రి మామూలుగా ఆపి పడుకుంటారు, పొద్దున్న ఆన్ చేస్తే అసలు డిస్కే లేదంటుంది కంప్యూటర్. పొరపాటున చెరిపిన ఫైళ్ళ సంగతీ అంతే. చెరిపిన చోటును ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ అనే ఏర్పాటు విండోస్‌లో ఉంటుంది కాబట్టి, హార్డ్ డిస్కు మీద అద్భుతాలు చేసిన రికవరీ సాఫ్ట్‌వేర్లు దీని మీద చేతులెత్తేస్తాయి. కాబట్టి ఈ రోజుకు మీ దగ్గర బ్యాకప్ లేదు. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

నేను విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాను. ఇరవై రెండేళ్ళయింది. డిస్కు పోయిందని వచ్చినవాళ్ళను నేను ‘ఏ సాఫ్ట్‌వేర్ వాడారు’ అని అడగను. ‘దానిలో నుంచి ఒక్క ఫైలైనా ఎప్పుడైనా వెనక్కి తీసి చూశారా’ అని అడుగుతాను. భార్యాభర్తలు వచ్చి ఉంటే ఆ మాటకు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు, దించుకునేటప్పుడు అందరూ చూసేది ఫైళ్ళు లోపలికి ఎంత సులువుగా వెళతాయన్నదే. బయటికి ఎలా వస్తాయన్నది ఎవరూ చూడరు. ధాన్యం పోయడం ఎవరికైనా వచ్చు, గాదె అడుగున గడియ తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి.

ఇంకో మాట. అవసరం పడిన రోజున కంప్యూటర్ ముందు కూర్చునేది మీరే అని ఎందుకు అనుకోవాలి? మీరు స్పాట్ వాల్యుయేషన్‌కు శ్రీకాకుళం వెళ్ళి ఉంటారు. ఇంట్లో అమ్మగారికి బ్యాంకు కాగితం ఒకటి కావాలి, కంప్యూటర్ తెరుచుకోవడం లేదు. ఎక్స్‌టర్నల్ డిస్కు తీసి పక్కింటివాళ్ళ ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఆ కాగితం కనిపించాలి. నేను ఇంటికి సాఫ్ట్‌వేర్ ఎంచేటప్పుడు మొదట చూసేది ఇదే: ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో కూడా ఫైళ్ళు మామూలు ఫైళ్ళుగా తెరుచుకుంటాయా?

నా దుకాణం లెక్కలకు నేను వాడేది రెస్టిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఒకే ముక్క రెండుసార్లు రాయకుండా చోటు ఆదా చేస్తుంది, అంతా తాళం వేసి దాస్తుంది, రాసినది చెడిపోయిందేమో తనిఖీ చేసి చెబుతుంది. దాని మీద నాకు ప్రేమే ఉంది. అయినా మీకు చెప్పను. రెస్టిక్ డిస్కును తెరిచి చూస్తే మీ అమ్మాయి ఫొటో ఉండదు, అంకెలూ అక్షరాలూ కలిసిన 64 గుర్తుల పేర్లతో వేల ముక్కలు ఉంటాయి. సంకేతపదం మరిచిపోతే ఆ ముక్కలు ఎవరికీ ఎప్పటికీ ఫొటోలు కావు, తయారుచేసినవాళ్ళు కూడా తెరవలేరు. కోపియా, బోర్గ్, డూప్లికాటి కూడా ఇదే కుటుంబం. కమాండ్లు కొట్టడం సరదా అయినవాళ్ళకు అవి బంగారం. మీ ఇంట్లో మీరు తప్ప వేరొకరు విప్పలేని మూట అవుతాయి.

నేను రెండోది చూసేది, పాత ప్రతులు ఉంటాయా అన్నది. ఇక్కడ నా తలరాత కథ ఒకటి చెప్పాలి. మా నాన్నగారు పౌరాణిక నాటకాల పద్యాలు పాడేవారు. ఆయన ఉండగా నేను రికార్డు చేసినవి పదిహేను. అప్పట్లో నేను రోజూ రాత్రి 11 గంటలకు డిస్కులో ఏముందో రెండో డిస్కులో అచ్చం అలాగే ఉండేలా చేసే ఏర్పాటు పెట్టుకున్నాను. దాన్నే మిర్రర్ అంటారు, అద్దం. ఒక గురువారం చోటు చాలడం లేదని ఏవో ఫోల్డర్లు తీసేస్తూ, చేతి తొందరలో ‘నాన్న’ అన్న ఫోల్డర్‌ను కూడా కలిపి శాశ్వతంగా చెరిపేశాను. ఆదివారం ఆయన సంవత్సరీకానికి పాట పెడదామని వెతికితే లేదు. నవ్వుతూ రెండో డిస్కు తగిలించాను. అక్కడా లేదు. అద్దం తన పని తాను చేసింది, గురువారం రాత్రి 11 గంటలకు అక్కడ కూడా నమ్మకంగా చెరిపేసింది. నాలుగు పద్యాలు పాత క్యాసెట్లలో దొరికాయి. పదకొండు దొరకలేదు. కంప్యూటర్లు బాగుచేయడమే బతుకుతెరువుగా ఉన్నవాడి ఇంట్లో జరిగిన సంగతి ఇది.

కాబట్టి అసలులో చెరిపినదాన్ని నకలులోనూ చెరిపే ఏ ఏర్పాటూ బ్యాకప్ కాదు. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి మామూలుగా చేసేది ఈ అద్దం పనే. చెత్తబుట్టలో 30 రోజులు ఉంచుతాయి, ఆ తరువాత అక్కడి నుంచి కూడా పోతుంది. వేసవి సెలవులలో చెరిపినదాన్ని దసరాకు వెతుక్కునేవాళ్ళం మనం. ముప్పై రోజులు ఏ మూలకు సరిపోతాయి?

ఇక విండోస్‌లోనే ఉచితంగా వచ్చేవి. ‘విండోస్ బ్యాకప్’ అనే కొత్త యాప్ డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫొటోల ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌కు పంపుతుంది. అక్కడ ఉచితంగా దొరికేది 5 జీబీ. మీ 340 జీబీకి అది పెళ్ళి భోజనాలకు గరిటెడు సాంబారు.

దానికంటే పాతది, కంట్రోల్ ప్యానెల్ లోపల దాగి ఉన్నది ‘ఫైల్ హిస్టరీ’. విండోస్ 8 కాలం నుంచి ఉంది. గంటకోసారి మారిన ఫైళ్ళను ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేస్తుంది, పాత ప్రతిని ఉంచి కొత్తది పక్కన పెడుతుంది, అవి మామూలు ఫైళ్ళే. ఒక్కొక్క దాని పేరు చివర తేదీ, సమయం ఉంటాయి. ఆ సమయం మనది కాదు, అంతర్జాతీయ సమయం. సాయంత్రం 5 గంటల ప్రతి అక్కడ 11:30 అని కనిపిస్తుంది, ఐదున్నర గంటలు కలుపుకోవాలి. అంతా బాగానే ఉంది కానీ, మనవాళ్ళను ముంచేది ఇందులో ఒకటుంది. ఫైల్ హిస్టరీ చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, పిక్చర్లు వంటి తనకు తెలిసిన లైబ్రరీలను మాత్రమే. మన దగ్గర కంప్యూటర్ కొన్న రోజున అమ్మినవాడు చెప్పే మొదటి మాట ‘సార్, సి లో ఏమీ పెట్టకండి, డి లో పెట్టుకోండి’ కదా! ఆ మాట విని పాతికేళ్ళుగా అన్నీ డి లోనే పెట్టుకున్నాం. ఫైల్ హిస్టరీ ఆన్ చేసి, పచ్చగా ‘నడుస్తోంది’ అని చూసి నిశ్చింతగా ఉంటారు. డి లోని ఫొటోలు ఒక్కటి కూడా వెళ్ళి ఉండవు. డి లోని ఫోల్డర్‌ను లైబ్రరీలో చేర్చితేనే దానికి కనిపిస్తుంది. రాజాం నుంచి ఒకాయన ఇలా మూడేళ్ళ ‘బ్యాకప్’ ఉన్న డిస్కు తెచ్చాడు. తెరిస్తే డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్లు, రెండు కరెంటు బిల్లులు.

మీకు నేను చెప్పేది ఫ్రీఫైల్‌సింక్. ఉచితం, ఎన్నో ఏళ్ళుగా ఉంది, ఫైళ్ళను ఫైళ్ళుగానే ఉంచుతుంది. తెర ఎడమవైపు డి లోని మీ ఫోల్డర్, కుడివైపు ఎక్స్‌టర్నల్ డిస్కులోని ఫోల్డర్ చూపిస్తారు. కాపీ చేసే ముందు ఏది వెళుతోంది, ఏది మారుతోంది, ఏది చెరిగిపోతోంది అన్నది కళ్ళ ముందు పెడుతుంది. ఇందులో కూడా మిర్రర్ పద్ధతే ఎంచుకోండి, కానీ ఒక్క మార్పుతో. చెరిపిన ఫైళ్ళను ఏం చేయాలి అని అడిగే చోట ‘వెర్షనింగ్’ ఎంచి, అదే డిస్కులో ‘పాతవి’ అని ఇంకో ఫోల్డర్ చూపించండి, పేరుకు తేదీ తగిలించమని చెప్పండి. ఆ ‘పాతవి’ ఫోల్డర్‌ను కాపీ వెళ్ళే ఫోల్డర్ లోపల పెట్టకండి, పక్కన పెట్టండి. అప్పుడు మీరు చెరిపినదీ, మార్చినదీ డిస్కులో నుంచి మాయం కాకుండా ‘పాతవి’లోకి జరుగుతుంది. నాన్నగారి పద్యాల రోజున నా దగ్గర ఈ ఒక్క గడి నొక్కి ఉంటే చాలేది. అంతా కుదిరాక దాన్ని బ్యాచ్ పనిగా దాచుకుంటే డెస్క్‌టాప్ మీద ఒక గుర్తు వస్తుంది. ఆదివారం డిస్కు తగిలించడం, గుర్తు మీద రెండుసార్లు నొక్కడం, అయ్యాక తీసి బీరువాలో పెట్టడం.

‘అదే తనంతట తాను రోజూ జరిగేలా పెట్టకూడదా, మరిచిపోతాను కదా’ అంటారు. పెట్టవచ్చు, కానీ దానికి డిస్కు ఎప్పుడూ తగిలించి ఉండాలి. ఎప్పుడూ తగిలించి ఉన్న డిస్కును పిడుగుపాటు, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ రెండూ వదలవు. 2017 మే నెలలో వాన్నాక్రై వచ్చినప్పుడు మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్ళు చిక్కుకున్నారు. అలాంటి వైరస్‌కు సి, డి, ఎక్స్‌టర్నల్ డిస్కు అన్న తేడా ఉండదు, అక్షరం పేరుతో కనిపించినదల్లా తనదే. కాబట్టి ఆటోమేటిక్‌గా నడవడం, విడిగా ఉండడం అన్నవి రెండూ ఒక్క డిస్కుతో పొసగవు. ఒకటే ఎంచుకోమంటే ఇంటి విషయంలో నేను విడిగా ఉండడాన్నే ఎంచుకుంటాను. వారం రోజుల పని పోయినా మళ్ళీ టైపు చేసుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పింది ఫైళ్ళ గురించి. విండోస్‌తో సహా మొత్తం డిస్కును ఒక చిత్రంలా తీసి ఉంచే ఇమేజ్ బ్యాకప్ వేరు. కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి రెండు గంటల్లో కంప్యూటర్‌ను నిన్నటిలా నిలబెట్టడానికి అది పనికి వస్తుంది. దీనికి వీమ్ ఏజెంట్ ఉచిత కూర్పు చాలు. డిస్కు తగిలించగానే మొదలయ్యేలా, అయిపోగానే డిస్కును తానే ఎజెక్ట్ చేసేలా పెట్టుకోవచ్చు, అది మంచి ఆలోచన. ఇమేజ్ లోపల నుంచి ఒక్క ఫైలును కూడా తీసుకోవచ్చు, అయితే వీమ్ ఉన్న కంప్యూటర్‌లోనే. అందుకే ఇది ఫ్రీఫైల్‌సింక్‌కు తోడుగానే గాని బదులుగా కాదు. మీకు మూడు నెలలకోసారి చాలు. మొదటి రోజే అది తయారుచేసి ఇచ్చే రికవరీ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను ఒకసారి ఆన్ చేసి చూడండి. డిస్కు పోయాక పెన్‌డ్రైవ్ తయారుచేద్దామనుకుంటే పెళ్ళయ్యాక ముహూర్తం వెతికినట్లే.

డిస్కుకు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కొత్తగా వేసిన విండోస్ 11 కొన్ని కంప్యూటర్లలో మీకు చెప్పకుండానే డిస్కుకు తాళం వేస్తోంది. మదర్‌బోర్డు మార్చినా, డిస్కు తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా తెరిచింది కంప్యూటర్ అమ్మిన కుర్రాడు, తన ఈమెయిల్‌తో! ఇది నేను కల్పించి చెప్పడం లేదు, మా దుకాణానికి ఇలాంటివి తరచుగా వస్తున్నాయి. ఈ రోజే చూసి ఆ 48 అంకెలు అచ్చు తీసుకోండి.

కొనే సాఫ్ట్‌వేర్ల గురించి పెద్దగా చెప్పను. అవి చెడ్డవని కాదు. నాలుగు కంప్యూటర్లు, ఫోన్లు ఉన్న ఇంటికి, ఫోను చేసి అడిగే దిక్కు కావాలనుకునేవారికి డబ్బుకు తగిన పని చేస్తాయి. కొనే ముందు ఒక్కటి అడగండి: ఏడాది చందా అయిపోయాక పాత బ్యాకప్‌ను తెరవనిస్తారా, తెరవనివ్వరా? జవాబు సూటిగా రాకపోతే లేచి వచ్చేయండి. ఉచితమైనవి శాశ్వతమనీ అనుకోవద్దు. మేమందరం ఎన్నో ఏళ్ళు కళ్ళు మూసుకుని అందరికీ వేసిన మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత కూర్పుకు 2024 జనవరి 1తో సవరణలు కూడా ఆగిపోయాయి. ఇంటి వాడకందారులకు ఇంటర్నెట్‌లో దాచుకునే వీలిచ్చిన క్రాష్‌ప్లాన్ 2017 ఆగస్టులో ఆ సేవ ఆపేస్తున్నామని చెప్పి, 2018 అక్టోబరులో తలుపులు మూసింది. సాఫ్ట్‌వేర్ పోయినా ఫైళ్ళు ఫైళ్ళుగా ఉండాలన్న నా పట్టుదలకు ఇదీ ఒక కారణం.

అదే 2018 అక్టోబరు, 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం వైపు నుంచి జీడిపప్పు వ్యాపారం చేసుకునే కుటుంబం ఒకటి, కరెంటు వచ్చాక మా దుకాణానికి వచ్చింది. బియ్యం సంచిలో సీపీయూ, దాని మీదే ఎక్స్‌టర్నల్ డిస్కు. ఆయన చాలా జాగ్రత్తపరుడు, వారం వారం బ్యాకప్ తీసేవాడు. తీసి, కంప్యూటర్ బల్ల సొరుగులోనే పెట్టేవాడు. రేకులు ఎగిరిపోయాయి, రాత్రంతా బల్ల మీద వాన. డిస్కు పెట్టె విప్పితే లోపలి సర్క్యూట్ బోర్డు అంచుల్లో ఉప్పు పేరుకుని పచ్చగా చిలుము పట్టింది, చిన్న స్టిక్కరు మీద సిరా కారి నీలం మరక. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చివరికి మిగిలినవి విశాఖపట్నం హాస్టల్‌లో ఉన్న కూతురు తన పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళిన కొన్ని ఫొటోలు మాత్రమే. ఆ అమ్మాయి బ్యాకప్ అనుకుని తీసుకెళ్ళలేదు, ఇంటి మీద బెంగతో తీసుకెళ్ళింది.

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఒకటుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. రెండు రకాల సాధనాలు అన్నదాన్ని ఇంటివాళ్ళు పెద్దగా పట్టించుకోనక్కరలేదని నా అభిప్రాయం. వేరే చోట అన్న ఆ ‘ఒకటి’ మాత్రం అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం వైపు చూస్తూ బతికే మన తీరంవాళ్ళకు ప్రాణం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ కూడా అక్టోబరే. మీరు రెండు డిస్కులు కొనండి. ఒకటి ఇంట్లో, రెండోది మీ అత్తవారి ఊరు బొబ్బిలి అని రాశారు కదా, అక్కడ. సముద్రానికి దూరం, మీకూ రాకపోకలు ఉన్న చోటు. వినాయక చవితికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి డిస్కులు మార్చుకోండి. చవితి అని ఎందుకన్నానంటే తుపానుల కాలం మొదలయ్యే ముందు తాజా ప్రతి బొబ్బిలి చేరుతుంది.

డిస్కులు ఒక్కొక్కటి 1 టీబీ చాలు, పాత ప్రతులకు చోటు కావాలి కాబట్టి 2 టీబీ అయితే నిశ్చింత. ఎస్‌ఎస్‌డీ వద్దు, హార్డ్ డిస్కే తీసుకోండి. నెలల తరబడి కరెంటు లేకుండా బీరువాలో ఉండే వస్తువుకు అదే నయం. 1 టీబీ అని రాసి ఉన్నది విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తే అమ్మినవాడితో గొడవ పడకండి, లెక్కపెట్టే పద్ధతిలో తేడా. డిస్కు ఏ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందో చూడండి. ఎఫ్‌ఏటీ32 అయితే 4 జీబీ దాటిన పెళ్ళి వీడియో అందులో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో పడుతుంది కానీ, కాపీ మధ్యలో కరెంటు పోతే సర్దుకునే చిట్టా దానికి లేదు. మన ఊళ్ళలో కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి ఎన్‌టీఎఫ్ఎస్ చేయండి. తగిలించేటప్పుడు కేబినెట్ ముందువైపు నల్ల యూఎస్‌బీ కన్నంలో కాకుండా వెనకవైపు నీలం రంగు దానిలో పెట్టండి. నల్లదానిలో సెకనుకు 35 ఎంబీ వస్తే గొప్ప, మీ 340 జీబీకి మూడు గంటలకు దగ్గర పడుతుంది. నీలందానిలో గంట, గంటన్నర. ఇది మొదటిసారికి మాత్రమే, తరువాత వారానికి పది నిమిషాల పని. పైగా క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నెలకోసారి డిస్కు ఆరోగ్యం చూడండి. నీలం ఉంటే సరే, పసుపు కనిపిస్తే ఆ వారమే కొత్తది కొనండి.

ఇంటర్నెట్‌లో దాచడం? మీ కనెక్షన్ పైకి పంపే వేగం 30 ఎంబీపీఎస్ నిలకడగా వస్తుందనుకుంటే 340 జీబీ పంపడానికి ఆగకుండా 25 గంటలు. 10 వస్తే మూడు రోజులు దాటుతుంది. అసాధ్యం కాదు, కానీ మీకు అవసరం లేదు. పాస్‌పుస్తకాలు, సర్టిఫికెట్లు, సర్వీసు రిజిస్టరు కాపీలు అన్నీ కలిపినా 2 జీబీ ఉండవు. అవి గూగుల్ ఇచ్చే 15 జీబీలో పెట్టండి. ఆ 15 జీబీ మెయిల్‌కూ, ఫొటోలకూ, డ్రైవ్‌కూ ఉమ్మడి ఆస్తి అని మరిచిపోవద్దు, ఉమ్మడి ఆస్తిలో ఎవరు ముందు నింపితే వారిదే.

ఇక లైనక్స్ వేసిన పాత కంప్యూటర్. వద్దనను, అది మూడో ప్రతికి సరదా పని. కానీ తెలుగువాళ్ళకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటుంది, ఇది ఇంగ్లీషులో పేర్లు పెట్టుకునేవాళ్ళకు జన్మలో తెలియదు. ఫైలు పేరు విండోస్‌లో 255 గుర్తుల దాకా ఉండవచ్చు. లైనక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌ట్ 4 పద్ధతిలో పరిమితి 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. అంటే తెలుగు పేరుకు 85 గుర్తులే. గుర్తు అంటే మనకు కంటికి కనిపించే అక్షరం కూడా కాదు. ‘స్త్రీ’ అని ఒక్క అక్షరం రాస్తే లోపల స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం కలిసి ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. మీరు ప్రశ్నలో ఉదాహరణగా ఇచ్చిన ఫైలు పేరులో తరగతి, విషయం, పాఠశాల పేరు, సంవత్సరం అన్నీ ఉన్నాయి. అలాంటి పేర్లలో కొన్ని విండోస్‌లో హాయిగా ఉండి, లైనక్స్ గడప దగ్గర ఆగిపోతాయి. కాపీ చివర ‘కొన్ని ఫైళ్ళు వెళ్ళలేదు’ అన్న వరుసను ఎవరూ చదవరు, పోయేది ఆ కొన్నే. సంవత్సరాన్నీ తరగతినీ ఫోల్డర్ల పేర్లలోకి మార్చి ఫైలు పేరు కుదించండి. పాత జిప్ సాఫ్ట్‌వేర్లతో కూడా జాగ్రత్త, తెలుగు పేర్లను ప్రశ్నార్థకాల వరుసగా మార్చేసేవి ఉన్నాయి.

ప్రశ్నపత్రాల మాట వచ్చింది కాబట్టి, 2003 నాటివి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో చేసినవే అయి ఉంటాయి. అవి ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ పద్ధతివి కావు. ఫైలును ప్రాణంలా కాపాడి, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే కనిపించేది తెలుగు కాదు, గీతలూ చుక్కలూ కలిసిన ఇంగ్లీషు గుర్తుల గుంపు. ఫైలుతో పాటు అను ఫాంట్ల ఫోల్డర్‌ను, పేజ్‌మేకర్ సీడీని కూడా బ్యాకప్‌లో చేర్చండి. అవి ఇంకా పనిచేస్తుండగానే ప్రతి పత్రాన్నీ ఒక్కసారి పీడీఎఫ్‌గా మార్చి పక్కన పెట్టండి. పీడీఎఫ్ ఫాంటును తనలోనే మోసుకెళుతుంది కాబట్టి చదవడానికి, అచ్చుకు ఇబ్బంది ఉండదు, పదం పెట్టి వెతకడం మాత్రం కుదరదు. ఎంత పెద్ద బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అయినా ఈ పని చేయదు, ఓపిక ఉన్న మాస్టారు చేయాలి.

అన్నీ కుదిరాక ఒక ఆదివారం పరీక్ష పెట్టండి. మీరు పెట్టడమే కదా ఎప్పుడూ, ఈసారి డిస్కుకు. అమ్మగారిని కూర్చోబెట్టి, ‘అబ్బాయి అన్నప్రాసన ఫొటో, ఆ పొలం కాగితం, పోయినేడాది పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్ష పేపరు తీయి’ అని చెప్పి మీరు పక్క గదిలోకి వెళ్ళిపోండి. డిస్కు వేరే ల్యాప్‌టాప్‌కు తగిలించి, మూడూ తెరవాలి. పేరు కనిపించడం కాదు, ఫొటో నిండుగా తెరుచుకోవాలి. ఎక్కడ ఆగిపోయారో అడిగి, అక్కడ ఏం చేయాలో ఒక తెల్ల కాగితం మీద తెలుగులో నాలుగు వరుసలు రాయండి. ఆ కాగితం మీదే బిట్‌లాకర్ 48 అంకెలు, గూగుల్ సంకేతపదం, బొబ్బిలిలో డిస్కు ఎవరి బీరువాలో ఏ అరలో ఉందో కూడా రాసి, పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్న సంచిలోనే పెట్టండి. ఇంట్లో ఏది ఎక్కడున్నా తెలియకపోవచ్చు గాని, ఆ సంచి ఎక్కడుందో మీ ఇంట్లో అందరికీ తెలుసు కదా.